వారానికి ఒక కుర్చీ

వడ్రంగి పని కొట్టు వెనక గది
ఫిబ్రవరి 8

టైలరుకి,

పదకొండేళ్ళ నుంచి నీతో మాటల్లేవు. ఎందుకో నీకు తెలుసు. తెలియనట్టు ఉంటావు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. నీ భార్యకి, అంటే నా మరదలికి, ఆ పాడు జబ్బు వచ్చినప్పుడు చేతిలో పని పక్కన పడేసి వచ్చాను. ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. రాకుండా ఎలా ఉంటాను? మూడో రోజు పొద్దున్నే నా సంచి తెచ్చి గుమ్మంలో పెట్టావు. "మీరు వెళ్ళండి అన్నయ్యా, మేం చూసుకుంటాం" అన్నావు. మేం అంటే ఎవరు? ఇస్త్రీ కొట్టువాడు, ఎదురింటి బ్యాంకు గుమాస్తా, ఎవరో కండలు తిరిగిన వ్యాయామం మాస్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వంతులేసుకుని నా మరదలి మంచం పక్కన కూర్చున్నారు. నేను మాత్రం పనికిరాలేదు. ఇది నేను మర్చిపోను. మర్చిపొమ్మని అడక్కు.

ఇంకో సంగతి. మీ వదినకి కూడా అదే వచ్చింది. రొమ్ములో. జనవరిలో గడ్డ తీసేశారు. ఇప్పుడు మూడు వారాలకోసారి సీసా కట్టి మందు ఎక్కిస్తున్నారు. మొత్తం ఆరు సార్లు. ఒకటి అయింది.

రెండోది ఇరవై ఆరున. వెళ్ళను అంటోంది. మందుకి భయపడి కాదు, వాంతులకీ కాదు. నా వల్లనట. "మందు భరిస్తాను గానీ మీ కాపలా భరించలేను" అంది. నేనేం చేశాను? కొట్టు మూసేసి పక్కనే కూర్చున్నాను. గంటకోసారి జ్వరం చూశాను. చూడటానికి వచ్చినవాళ్ళని, ఆవిడ ఊళ్ళో లేదని చెప్పి గుమ్మంలోంచే పంపేశాను. ఇంతలా చూసుకునే మొగుడికి దక్కిన మాట ఇది.

మధ్యలో ఆపితే చేసిందంతా దండగ అని డాక్టరు అన్నాడు. మనిషి దక్కదని నోటితో అనలేదు. మొహంతో అన్నాడు.

నా మరదలు ఆరూ ఎక్కించుకుంది. బతికింది. నువ్వేం చేశావో రాయి. సలహా అడగటం లేదు. ఏం చేశావో రాయి, అంతే. ఫోను చేయకు. ఫోనులో నాకు సరిగా వినపడదు. వినపడినా నీ గొంతు విననని అప్పట్లో ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరం ఒట్టు కిందికి రాదు.

నాలుగో తరగతి చదువు నాది. ఈ కాగితానికి మూడు పూటలు పట్టింది. కాబట్టి జవాబు పదహారు లోపు రావాలి.

నీ తోడల్లుడు


కుట్టు మిషను ముందు
ఫిబ్రవరి 13

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ రాత చూసి మీ మరదలు ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత మళ్ళీ చదవమంది. వదిన సంగతి మాకు తెలుసు. అక్కాచెల్లెళ్ళు ఫోను మానేసింది ఎప్పుడు? మానింది మగవాళ్ళం మనమిద్దరమే.

సంచి విషయం ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, కోపం తెచ్చుకోండి. గుమ్మంలో పెట్టింది నేనే, పెట్టమన్నది మీ మరదలు. ఆ మూడు రోజుల్లో మీరు ఏం చేశారో గుర్తుందా? మంచానికి ఒక కాలు పొట్టిగా ఉందని, మనిషి పడుకుని ఉండగానే మంచం ఎత్తారు. నర్సుకి దూది ఎలా పట్టుకోవాలో నేర్పారు. డాక్టరుని ఎన్నేళ్ళు చదివావని నిలదీశారు. మా పిల్లలు మీకు రంపం అని పేరు పెట్టింది అప్పుడే. "బావ మంచివాడే. నాకు కాస్త ఓపిక వచ్చాక రమ్మను" అంది ఆవిడ. ఓపిక వచ్చి పదేళ్ళయింది, మీరే రాలేదు.

నేనేం చేశానని అడిగారు. ఏమీ చేయలేదు. చేసేవాళ్ళని లోపలికి రానిచ్చాను. మొదటి నెల నేనూ మీలాగే కాపలా కాశాను. తిండి లేదు, నిద్ర లేదు, బుర్ర లేదు. ఒకరోజు బల్ల మీద గుడ్డ కత్తిరిస్తూ, నేను తొడుక్కున్న చొక్కా అంచు కూడా కలిపి కత్తిరించాను. అది చూసి ఇస్త్రీ కొట్టు అతను నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రిలో ఒక గదికి లాక్కుపోయాడు. రోగులకి తోడు వచ్చేవాళ్ళు అక్కడ వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటారు. అతని తల్లికీ అదే జబ్బు వచ్చి తగ్గింది, అందుకని తెలుసు.

మీ ఆసుపత్రిలో కూడా అలాంటి గది ఉందట. కనుక్కున్నాను. బుధవారం పది గంటలకి. ఒక్కసారి వెళ్ళి చూడండి. ఆ కాస్తసేపూ వదిన దగ్గర వేరే మనిషిని కూర్చోనివ్వండి. అది కూడా మందే.

మూడు టోపీలు కుట్టి పంపుతున్నాను. తల కొలత మీ మరదలు ఫోనులో తీసుకుంది. లోపలివైపు కుట్టు రాకుండా కుట్టాను. జుట్టు లేని తలకి చిన్న దారం కూడా గుచ్చుకుంటుంది.

మీ తమ్ముడు


పని కొట్టు
ఫిబ్రవరి 18

తోడల్లుడికి,

ఆ మంచం కాలు పొట్టిదే. ఇప్పుడూ అదే అంటాను.

మొగుళ్ళందరూ చేరి గోడు చెప్పుకునే గదికి నేను వెళ్ళనని మీ వదినతో చెప్పేశాను. "మీరు ఆ గదికి వెళ్తేనే నేను రెండో మందుకి వస్తాను" అని మొండికేసింది. తన ప్రాణం అడ్డం పెట్టి నాతో బేరమాడుతోంది చూడు. నిన్న వెళ్ళాను.

ఆసుపత్రి రెండో అంతస్తులో చివరి గది. ఒక బల్ల, ఒక టీ ఫ్లాస్కు, పద్నాలుగు కుర్చీలు. ఆ పద్నాలుగులో తొమ్మిది ఊగుతున్నాయి. జిగురు ఎండిపోయి కాళ్ళు వదులైపోయాయి. మనుషుల గోడు తర్వాత, ముందు ఆ కుర్చీల గోడు వినేవాడు లేడు. గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ గదిని నడిపేది ఒక పెద్ద నర్సు. "రండి పెద్దాయనా, కూర్చోండి" అంది.

"ఇలాంటి కుర్చీలో నేను కూర్చోను" అన్నాను.

"అయితే బాగుచేసి కూర్చోండి" అంది, రెప్ప వేయకుండా.

సంచిలో సుత్తీ జిగురూ ఎప్పుడూ ఉంటాయి కదా. మూల కూర్చుని ఒక కుర్చీ తిరగేశాను. వాళ్ళ మాటలు నేను వినలేదు. చెవిలో పడ్డాయి, అంతే. బస్సు కండక్టరు ఒకడున్నాడు, ఏనుగంత మనిషి. వాళ్ళావిడకి మందు పడ్డాక సబ్బు వాసన కూడా గిట్టటం లేదట. స్నానం చేసి ఎదురుపడితే చాలు పొమ్మంటోందట. బేకరీ ఆవిడ మొగుడికి గొంతులో. నోరు పూసినప్పుడు మంచు ముక్క చప్పరిస్తే హాయిగా ఉంటుందని ఆవిడ చెప్పింది. లెక్కల మాస్టారు ఒకాయన ఏమీ మాట్లాడలేదు. చివర్లో "మా ఆవిడ నిన్న నన్ను తిట్టింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడు వారాల నుంచి ఆవిడకి తిట్టే ఓపిక కూడా లేదట. పిచ్చివాళ్ళు.

ఆ గంటా మీ వదిన దగ్గర పక్కింటావిడ కూర్చుంది. నేను తిరిగొస్తుంటే వీధి మొదట్లోకే నవ్వు వినపడింది. ఎవరింట్లోంచో అనుకున్నాను. మా ఇంట్లోంచే. ఏమిటంత నవ్వు అని అడిగితే "మీ గురించే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మంచు ముక్కలు తెచ్చి పెట్టాను. చప్పరిస్తోంది. ఇరవై ఆరున వస్తానంది.

టోపీలు అందాయి. నీలంది పెట్టుకుంది. తప్పు పట్టాలని తిరగేసి బోర్లేసి చూశాను. దొరకలేదు.

నీ తోడల్లుడు


కుట్టు మిషను ముందు
ఫిబ్రవరి 23

అన్నయ్యా,

మీరు వినని మాటలన్నీ మీ మరదలికి చదివి వినిపించాను. చెవిలో ఇంత పడితే, వింటే ఇంకెంత రాసేవారో అంటోంది.

ఒక్క మనవి. తొమ్మిది కుర్చీలూ ఒకే పూటలో బాగుచేసెయ్యకండి. మీ చెయ్యి సంగతి నాకు తెలుసు. వారానికి ఒకటి చేయండి. నిదానంగా చేస్తే ఏప్రిల్ దాకా వస్తాయి.

ఇంకో రెండు టోపీలు పంపుతున్నాను. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. వదినకి ఎరుపు నప్పదని మీరు అంటారు. ఆవిడ ఎరుపే అడిగింది.

మీ తమ్ముడు


పని కొట్టు
మార్చి 25

తోడల్లుడికి,

రెండో మందు అయింది, మూడోది కూడా అయింది. వాంతులు ఉన్నాయి, నీరసం ఉంది, కానీ మనిషి కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తోంది. ఇంట్లోకి మళ్ళీ మనుషులు వస్తున్నారు. చేతులు కడుక్కోకుండా వచ్చేవాళ్ళని మాత్రమే ఆపుతున్నాను. ఎరుపు టోపీ నప్పింది. నేను అనను.

నువ్వు చెప్పినట్టు వారానికి ఒకటే చేద్దామనుకున్నాను. చెయ్యి ఊరుకోదు కదా. రెండో వారం రెండు, మూడో వారం మూడు. పదిహేడో తారీకుకి తొమ్మిదీ అయిపోయాయి. ఆ రోజు పనిముట్ల పెట్టె సర్దుకుంటుంటే ఏదోలా అనిపించింది. ఊగే కుర్చీ ఒక్కటీ లేదు. ఇక వచ్చే వారం ఏ మొహం పెట్టుకుని రావాలి? గోడు చెప్పుకోవటానికి వచ్చాడు అనరూ?

అందరూ వరండాలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను ఒక మంచి కుర్చీ తిరగేసి, వెనక కాలి చీల సగం పైగా బయటికి లాగి వదిలేశాను. వచ్చే బుధవారం అందరికన్నా ముందు వచ్చి, "అయ్యో, ఇది కూడా వదులైంది" అని పని మొదలుపెట్టవచ్చని నా ఆలోచన. యాభై ఏళ్ళ పనిలో మంచి సామాను పాడు చేయటం ఇదే మొదలు.

నిన్న నా బస్సు ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి కండక్టరు ఆ కుర్చీలో ఉన్నాడు. నోరు తెరిచేలోపు వెనక్కి వాలాడు. టీ, గ్లాసు, మనిషి, అన్నీ నేల మీద. దెబ్బ ఏమీ తగల్లేదు, ఒంటి మీద కండ ఉంది కాబట్టి. లేచి తుడుచుకుంటూ ఏమన్నాడో తెలుసా?

"ముప్పై ఏళ్ళు పరిగెత్తే బస్సులో నిలబడ్డాను, ఒక్కసారి పడలేదు. నిలబడి ఉన్న కుర్చీలోంచి పడ్డాను!"

అందరూ ఆసుపత్రివాళ్ళని తిట్టడం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు మాత్రం లెక్క తీశాడు. "పెద్దాయన బాగుచేసినవి తొమ్మిది. ఇది ఆ తొమ్మిదిలోది కాదు. ఇది మొదటినుంచీ బాగున్నదే" అన్నాడు. పెద్ద నర్సు వంగి చీల చూసింది. దాన్ని చూసి నన్ను చూసింది. ఆవిడ ఏమీ అనకముందే నేనే అనేశాను, "నేనే లాగాను" అని.

"ఎందుకు?" అన్నాడు కండక్టరు.

"మళ్ళీ రావటానికి" అన్నాను.

కండక్టరు తడిసిన తన చొక్కా చూసుకున్నాడు. తర్వాత బేకరీ ఆవిడ నవ్వటం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే బల్ల కూడా కదులుతుంది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. పడ్డవాడే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. పెద్ద నర్సు ఒక్కటే మాట అంది: "వచ్చే బుధవారం పెట్టె లేకుండా రండి."

"మరి చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాను.

"ఒళ్ళో" అంది.

ఇక నేను ఆ గదికి వెళ్ళను. ఈ సంగతి నా మరదలికి చెప్పకు. మీ వదినకి అసలే తెలియకూడదు.

నీ తోడల్లుడు


మా ఇల్లు, కిటికీ దగ్గర
మార్చి 27

మరిదికి,

కుర్చీ సంగతి మీ అన్నయ్య నాకు చెప్పలేదు. కండక్టరుగారి భార్య ఫోను చేసి చెప్పింది. ఇద్దరం నవ్వి నవ్వి ఆయాసపడ్డాం. ఆ నవ్వుకి నా టోపీ ఊడింది, పక్కింటి పాప వచ్చి మళ్ళీ పెట్టింది.

నేను బాగానే ఉన్నాను. నోటికి రుచి లేదు, కాళ్ళలో బలం లేదు, తల మీద వెంట్రుక లేదు. కానీ ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. ఇది నీ పుణ్యమే.

ఒక్కటే దిగులు. ఆయన నాతో ఏదో దాస్తున్నారు. పనులన్నీ చేస్తారు. నా మొహం మాత్రం చూడరు. చెయ్యి పట్టుకుంటే మెల్లగా లాక్కుంటారు. నలభై ఒక్క ఏళ్ళుగా దారిలో పోతూ కూడా నా భుజం మీద చెయ్యి వేసి నడిచిన మనిషి, ఇప్పుడు మందు బిళ్ళ ఇవ్వాలన్నా గిన్నెలో వేసి ముందుకు తోస్తున్నారు. నన్ను చూస్తే రోత పుట్టిందా అని కూడా అనుకున్నాను. అది కాదు. నేను నిద్రపోతున్నానని అనుకున్నప్పుడు వచ్చి చాలాసేపు చూస్తారు.

అడిగాను, చెప్పరు. నీకైతే రాస్తారు. ఆయనకి నోరు పెద్దది గానీ అసలు మాట అందులోంచి రాదు. నాలుగో మందు ఏప్రిల్ తొమ్మిదిన. మొహం తిప్పుకునే మనిషి పక్కన అన్ని గంటలు కూర్చోవటం నా వల్ల కాదు. ఆలోపు ఏమీ తేలకపోతే ఆ రోజు ఆయన్ని ఇంట్లోనే ఉండమని, చెల్లిని పిలుచుకుంటాను. అలా అంటే ఆ మనిషి ఏమైపోతాడో నీకు తెలుసు, నాకూ తెలుసు.

నీ వదిన


కుట్టు మిషను ముందు
మార్చి 31

అన్నయ్యా,

కుర్చీ సంగతి మీ మరదలికి నేను చెప్పలేదు. మీ ఊళ్ళో సగంమందికి తెలిసినది నేను చెప్పేదేముంది?

ఆ గదిలో నేను మొదటిసారి నోరు తెరిచిన రోజు చెబుతాను. ఆరు వారాలు మూగవాడిలా కూర్చున్నాను. ఏడో వారం, "నా భార్యకి జబ్బు వచ్చినందుకు నాకు ఆమె మీదే కోపంగా ఉంది" అన్నాను. అని, తల వంచుకుని తన్నులకి సిద్ధంగా కూర్చున్నాను. నాకు తోడుగా వచ్చిన ఎదురింటి బ్యాంకు గుమాస్తా లేచి నా గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు. అంతే జరిగింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత మీ మరదలి పక్కన నిమ్మళంగా కూర్చున్నాను.

ఇప్పుడు మిమ్మల్ని సూటిగా అడుగుతాను. మీకు సూటిగా అడిగేవాళ్ళంటేనే ఇష్టం. నర్సు పెట్టె వద్దంటే మీరు అంత బెదిరిపోయారు. వదిన చెయ్యి పట్టుకుంటే లాక్కుంటున్నారట. మీ చేతులు ఏం చేశాయి అన్నయ్యా?

మీ తమ్ముడు


పని కొట్టు, తలుపు వేసుకుని
ఏప్రిల్ 4

తమ్ముడికి,

చేతులు అన్నావు. ఎలా కనిపెట్టావో నాకు తెలియదు. గుడ్డ లోపల కుట్టు చూసేవాడివి కదా.

ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. అక్టోబరు చివర్లో ఒకరోజు మీ వదిన నా దగ్గరికి వచ్చి, "ఇక్కడ ఏదో గట్టిగా తగులుతోంది, చూడండి" అంది. నేను వేళ్ళతో నొక్కి చూశాను. యాభై ఏళ్ళుగా ఈ వేళ్ళతోనే చెక్క చూస్తున్నాను. లోపల పుచ్చు ఎక్కడుందో, ఎక్కడ పగులుతుందో పైనుంచే చెబుతాను. ఊళ్ళో మిగతా వడ్రంగులు కూడా దుంగ కొనేముందు నన్ను పిలుస్తారు. ఆ ధీమాతోనే నొక్కి చూశాను. చూసి ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "ఇది ముడి. చెక్కలో ముడి ఉన్నచోటే గట్టి. దీనికేమీ కాదు, వదిలెయ్" అన్నాను. అని మళ్ళీ చెక్కని నునుపుగా చిత్రిక పట్టటానికి వెళ్ళిపోయాను.

డిసెంబరు చివర్లో ఆసుపత్రి కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మధ్యలో రెండు నెలలు. నా మాట నమ్మి రెండు నెలలు ఊరుకుంది. అప్పుడే వెళ్ళి ఉంటే కోసేది తక్కువయ్యేదా, మందు తక్కువయ్యేదా? డాక్టరుని అడగలేదు. అవునంటాడేమోనని అడగలేదు.

అందుకే కాపలా కాశాను. ఈసారి ఏదీ తప్పిపోకూడదని. ఆ వేళ్ళతో ఆమెని ముట్టుకోవాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఆమె ఒక్కమాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. అని ఉంటే బాగుండేది.

బుధవారం గదికి వెళ్ళలేదు.

నీ అన్న


కుట్టు మిషను ముందు
ఏప్రిల్ 6

అన్నయ్యా,

చదివాను. మీ మరదలికి చూపించలేదు, మడిచి నా కొలతల పుస్తకంలో పెట్టాను.

దీనికి నేను చెప్పగలిగిన మాట ఒకటుంది. చెప్పను. అది చెప్పవలసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది. శుక్రవారం మందు ఎక్కేటప్పుడు చెప్పండి. నాలుగు గంటలు సీసా కారుతుంది. ఆవిడ లేచి వెళ్ళలేదు. మీరూ లేచి వెళ్ళకండి. నాకు రాసిన మాటలే, అదే వరసలో, ఒక్కటీ తగ్గించకుండా చెప్పండి.

భయంగా ఉంటుంది. అయినా చెప్పండి.

మీ తమ్ముడు


పని కొట్టు
ఏప్రిల్ 10

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు మామూలు దొంగవి కాదు.

చెప్పాను. సీసా కట్టి నర్సు అటు వెళ్ళగానే మొదలుపెట్టాను. గోడకేసి చూస్తూ చెప్పాను. ముడి అన్న మాట దగ్గర ఆగిపోయాను, మళ్ళీ మొదలుపెట్టి చెప్పాను. పూర్తయింది. మీ వదినని ఓరకంట చూశాను. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది అనుకున్నాను. నవ్వుతోంది! సీసా ఊగిపోయేలా నవ్వుతోంది. నర్సు పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

"నాలుగో రోజే వెళ్ళాను" అంది.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. పక్కింటావిడని వెంటబెట్టుకుని."

"నేను ముడి అని చెప్పాను కదా!"

"చెప్పారు. మీ మాట మీద తలుపు చేయించుకుంటాను గానీ, ప్రాణం పెట్టుకుంటానా?"

ఆ రెండు నెలలూ ఫొటోలు తీయటానికి, సూదితో ముక్క తీయటానికి, పెద్ద ఆసుపత్రిలో వంతు రావటానికి, రెండో డాక్టరు చూడటానికి పోయాయట. నా మాట వల్ల ఒక్క పూట కూడా పోలేదట. పక్క మంచాల్లో ఉన్నవాళ్ళు కూడా సీసాలు పట్టుకుని వింటున్నారు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాను. కోపమే వచ్చింది.

"అప్పుడు మీరు బడికి నలభై బెంచీలు చేస్తున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత అంత పెద్ద పని వచ్చిందని ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. మీ ఈల విని ఎన్నాళ్ళయిందో. ఏదీ తేలకుండా దాన్ని ఎందుకు ఆపాలి అనుకున్నాను" అంది. నా వైపు తిరిగి, "ఇదంతా మనసులో పెట్టుకుని ఇన్ని నెలలు కుమిలిపోతున్నారని నాకేం తెలుసు? కాస్త నోరు తెరిస్తే అప్పుడే చెప్పేదాన్ని కదా" అంది. ఈసారి నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

తర్వాత "చెయ్యి ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను. సీసా అయ్యేదాకా వదల్లేదు. మూత్రానికి వెళ్ళాలన్నా వదల్లేదు.

పోయేటప్పుడు మూడో మంచం ముసలావిడ నన్ను పిలిచి, "నాయనా, నా మోకాలు నొక్కి చూసి ముడో కాదో చెప్పు" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆసుపత్రి దాటేదాకా తలెత్తలేదు. మనసు మాత్రం దూదిపింజలా ఉంది.

ఇదంతా నీకు ముందే తెలుసు. మీ ఆవిడకి మీ వదిన అప్పుడే ఫోనులో చెప్పిందట. తెలిసి కూడా నాకు ఒక్క ముక్క రాయలేదు. నువ్వు రాసి ఉంటే నేను చదివి ఊరుకునేవాణ్ణి, ఆమెకి చెప్పేవాణ్ణి కాదు. నాకు అర్థమైంది. అయినా తిడుతున్నాను, పడు.

వచ్చే బుధవారం పెట్టె లేకుండా వెళ్తాను. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎంతసేపు ఉండగలనో చూస్తాను.

నీ అన్న


పని కొట్టు, ముందు గది
జూన్ 8

తమ్ముడికీ మరదలికీ,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, విడివిడిగా రాసే ఓపిక లేదు, పని ఎక్కువైంది.

ఆరో మందు మే ఇరవై ఒకటిన అయింది. నిన్న పరీక్షల కాగితాలు వచ్చాయి. ఎక్కడా ఏమీ కనపడలేదు అన్నాడు డాక్టరు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి అంటే మీ వదిన మోచేత్తో పొడిచింది.

జుట్టు వస్తోంది. సన్నరకం ఉప్పుకాగితంలా ఉంది. పొద్దున్న లేవగానే ఒకసారి రాసి చూస్తాను. "చిత్రిక పట్టేరు, జాగ్రత్త" అంటుంది.

బుధవారాలు వెళ్తున్నాను. చేతులు ఒళ్ళో ఉండటం లేదు, టీ పోస్తున్నాయి. కొత్తగా ఒక వెల్డరు వచ్చాడు. వాళ్ళావిడకి మొన్ననే తేలింది. గుమ్మంలోనే నిలబడతాడు. కూర్చోమంటే కూర్చోడు. నాకు ఇలాంటివేవీ పడవంటాడు. అంత పొగరు మనిషిని నేను ఎక్కడా చూడలేదు. కండక్టరు నన్ను చూసి ఎందుకు నవ్వాడో మరి. పోయిన వారం నేను కూడా లేచి వెళ్ళి గుమ్మంలో అతని పక్కనే నిలబడ్డాను. గంటసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు, "వచ్చే వారం ఉంటారా?" అని అడిగాడు. ఉంటానన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ వదిన పది రోజులు చెల్లి దగ్గర ఉండి వస్తానంటోంది. ఒంటరిగా. "మీరు వద్దు, నేనొక్కదాన్నే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని వెళ్తాను" అంది. మూడు రోజులు ఆలోచించాను. డాక్టరుని అడిగాను, వెళ్ళొచ్చు అన్నాడు. గదిలో అడిగాను. కండక్టరు ఏ సీటులో కుదుపు తక్కువో చెప్పాడు. లెక్కల మాస్టారు, "పది రోజులంటే ఎన్ని గంటలో చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను.

ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో రెండు కాగితాల నిండా రాశాను. మీ వదిన చదివి చింపేసింది. "వాళ్ళకి తెలుసు" అంది. నిజమే, మీకు తెలుసు. కాబట్టి ఏమీ రాయను. కోసిన వైపు చేత్తో బరువు ఎత్తనివ్వకండి. ఇదొక్కటే రాశాను.

పదహారో తారీకు బుధవారం పొద్దున ఆరింటి బస్సు. నేను ఎక్కించి ఆసుపత్రికి వెళ్తాను, వెల్డరుకి మాటిచ్చాను కదా. మధ్యాహ్నం రెండింటికి మీ ఊళ్ళో దిగుతుంది. బస్సు దగ్గరికి ఎవరొస్తారు? నువ్వా, మరదలా, ఇద్దరా? ఎంత ముందు వస్తారు? ఏ వైపు నిలబడతారు? ఇవన్నీ రాసి పద్నాలుగో తారీకు సోమవారం సాయంత్రానికల్లా జవాబు నా చేతిలో పడాలి. ఒక్క టికెట్టే కొన్నాను. సోమవారానికి ఉత్తరం రాలేదో, రెండోది కూడా కొంటాను.

మీ అన్న, బావ